రికార్డులో బాగున్న రైఫిలు

ముప్పై ఏళ్లకు దగ్గర పడిన సర్వీసులో నాకు వచ్చిన మెమో ఒక్కటే. అది కూడా నేను చేసిన ఒకే ఒక్క సరైన పనికి. చేసిన తప్పులకు మాత్రం ఎవరూ ఏమీ అనలేదు, రెండుసార్లు మెచ్చుకున్నారు కూడా. కొత్తగా కొలువులో చేరే పిల్లలు నా దగ్గరికి వచ్చి "తాతా, ఉద్యోగంల ఎట్ల మెలగాలె?" అని అడుగుతుంటారు. వాళ్లకు ఈ రైఫిలు సంగతి చెప్తాను. సగం మంది నన్ను తిక్కవాడనుకుంటారు. మిగతా సగం, అంటే అప్పటికే గుమాస్తా లక్షణాలు అబ్బినవాళ్లు, మెమోకు జవాబు ఏమని రాశావని అడుగుతారు.

నేను తుపాకుల మేస్త్రీని. మాది ధర్మపురికి ఆమడ దూరంలో ఒక పల్లె, ఇంట్లో కొలిమి పని. నిజాం రాజ్యం చివరి రోజుల్లో కరీంనగర్‌లో ఒక సర్కారు ఆయుధాల గదిలో సుత్తె పట్టుకుని చేరాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక నన్ను ఆదిలాబాద్ వైపు తోలారు. ఏ శాఖో, ఏ దఫ్తరో చెప్పను. చెప్పినా లాభం లేదు, ఆ మనుషులు అన్ని దఫ్తర్లలోనూ ఉన్నారు.

అక్కడి గదిలో నూరుకు పైగా తుపాకులు ఉండేవి. అన్నీ మూల కూర్చున్న ముసలి సిపాయిలే, ఒక్క రైఫిలు తప్ప. అది దొరల గడీల నుంచి ఆయుధాలు తెచ్చి అప్పగించిన రోజుల్లో వచ్చింది. నల్లటి అక్రోటు కర్ర, దాని మీద జింక బొమ్మ చెక్కిన వెండి బిళ్ల. కొత్తగా ఏ అధికారి వచ్చినా ముందు జీపు ఎలా ఉందో అడిగేవాడు, తర్వాత ఆ రైఫిలు చూపించమనేవాడు. అందరూ దాన్ని చేతిలోకి తీసుకుని, భుజానికి ఆనించి, గోడ మీది బల్లికి గురిపెట్టి "ఆహా" అనేవారు. ఎవరూ పేల్చలేదు. పాపం ఆ బల్లి ఎంతమంది పెద్దసార్లను చూసిందో.

ఏటా ఒకసారి తుపాకులన్నిటినీ తనిఖీ చేయాలి. పద్ధతి ఏమిటంటే, ప్రతి తుపాకీ గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి రెండు కొసల నుంచీ లోపలికి చూడాలి. నూనె గుడ్డను చువ్వకు చుట్టి గొట్టంలో ఈ కొస నుంచి ఆ కొసకు లాగాలి. తర్వాత రిజిస్టర్‌లో ఆ తుపాకీ పక్కన దాని పరిస్థితి రాయాలి. జరిగేది మాత్రం వేరు. నిరుటి రిజిస్టరు ముందు పెట్టుకుని, కలం ఎత్తకుండా "పైన రాసినట్టే, పైన రాసినట్టే" అని కిందిదాకా గుర్తులు పెట్టుకుంటూ పోవడమే. నాకంటే ముందున్న మేస్త్రీ అలాగే చేశాడు. నేను రెండేళ్లు అలాగే చేశాను. నాకు గుర్తున్నంతవరకు రెండో ఏడు ఆ పని సగం పొద్దులో ముగించి అంగడికి వెళ్లి జొన్నలు కూడా తెచ్చుకున్నాను.

మూడో ఏడు కోస్తా నుంచి ఒక పెద్దసారు వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషే, నౌకర్లను కూడా "మీరు" అనేవాడు. కానీ ఆయనకు పులి పిచ్చి. అదే సమయంలో అడవి అంచు గూడెంలో ఒక పులి వరసగా పశువులను ఎత్తుకుపోతున్నదని కబురు వచ్చింది. సారు గదిలోకి వచ్చి, జింక బొమ్మ రైఫిలు ఎత్తి, బల్లికి గురిపెట్టి, నా వైపు తిరిగాడు.

"ఏమండీ మేస్త్రీ, దీంతో పులిని కొట్టొచ్చా?"

"చూసి చెప్పాలె సార్."

"చూడండి, చూసి రాసివ్వండి. ఎల్లుండి పొద్దున్నే బయలుదేరుతున్నాం."

ఇక్కడ మా జవాను గురించి చెప్పాలి. మిషన్ గుడికి పోయే కుటుంబం అతనిది. అన్నం ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు, కళ్లు తెరిచాక గురి తప్పేవాడు కాదు. వేటకు ఏ అధికారి వెళ్లినా పక్కన అతను ఉండాల్సిందే. మంచె మీద సారు కూర్చుంటాడు, తుపాకీ జవాను పేలుస్తాడు, జంతువు పడ్డాక దాని మీద కాలు పెట్టి సారు నిలబడతాడు. "గురి జవానుది, ఫోటో సారుది" అని మాలో మేము అనుకునేవాళ్లం. ఈసారి పులి పడితే భుజానికి పట్టీ ఇప్పిస్తామని, అంటే హెడ్ జవానును చేస్తామని, అతనికి మాట ఇచ్చారు. ఆ పట్టీ కోసం అతను తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నాడు.

కాబట్టి ఆ రైఫిలుకు చెంప ఆనించేది పెద్దసారు కాదు, మా జవాను.

సారు వెళ్లాక రైఫిలు వెనుక భాగం విప్పి, కిటికీ వైపు పెట్టి గొట్టంలోకి చూశాను. ఆరోగ్యంగా ఉన్న గొట్టం లోపల చింతపండుతో తోమిన చెంబులా మెరవాలి. ఇది మెరుస్తూనే ఉంది, కానీ సగం దూరంలో ఒకచోట గుండ్రంగా నల్లటి గీత. వేలి నుంచి ఉంగరం తీసేస్తే మిగిలే మచ్చలా ఉంది. తిప్పి రెండో కొస నుంచి చూశాను. అక్కడే ఉంది. నూనె గుడ్డ లాగాను. బిగుతుగా వస్తూ వస్తూ సరిగ్గా ఆ చోట ఒక్కసారి వదులై మళ్లీ బిగిసింది. కళ్లు మూసుకుని గొట్టం పైన వేలు నడిపాను. వడ్లగింజంత ఎత్తు కూడా లేని ఉబ్బు వేలికి తగిలింది. ఎడమచేయి పట్టుకునే చోటికి రెండు వేళ్ల ముందు.

ఎప్పుడో ఒకనాడు లోపల ఏదో అడ్డం ఉండగా పేల్చారన్నమాట. గుండు బయటికి పోయింది గానీ ఇనుము కడుపు ఉబ్బింది. అలాంటి గొట్టం ఇంకో పది గుండ్లు తట్టుకోవచ్చు, నూరు తట్టుకోవచ్చు, వచ్చే గుండుకే పగలవచ్చు. పగిలితే పట్టుకున్నవాడి ఎడమచేయీ, కన్నూ పోతాయి. ఎప్పుడు పగులుతుందో చెప్తానన్నవాడు మేస్త్రీ కాదు, సోదె చెప్పేవాడు.

రైఫిలు అక్కడే పెట్టి హెడ్ గుమాస్తా దగ్గరికి పరుగెత్తాను. ఆయన మా దఫ్తరుకు అసలు అధికారి. పెద్దసార్లు వస్తారు పోతారు, ఆయన కుర్చీ కింది చెప్పులు మాత్రం కదలవు. చెప్పిందంతా ఓపికగా విన్నాడు. తర్వాత ఇంగ్లీషు రిజిస్టరు తెప్పించి, వేలు పెట్టి చూపించాడు.

"గిది సూడు. ఐదేండ్ల సంది 'బాగున్నది' అని ఉన్నదా లేదా? అండ్ల రెండేండ్లు రాసింది ఎవరు?"

"నేనే సార్."

"గప్పుడు మంచిగున్నదా?"

"గప్పుడు సూడలే సార్."

"సూడకుంట రాసినవన్నట్టు. సరే, గది నేను వినలే అనుకో. ఇప్పుడు ఖరాబున్నదని రాస్తవు. మరి ఐదేండ్లు మంచిగున్న గొట్టం నీ చేతికి రాంగనే ఉబ్బిందా? ఖరాబు చేసిందెవరు అని అడుగుతరు. ఏం చెప్తవు?"

దఫ్తరులో పెద్ద ధర్మసూత్రం ఏమిటంటే, తప్పును ఎవరు కనిపెడితే ఆ తప్పు వాడిదే. కనిపెట్టకుండా ఉన్నంతకాలం అది ఎవరిదీ కాదు, హాయిగా పడి ఉంటుంది.

"జర తెలివిగ రాయాలె. ఫికర్ చెయ్యకు, నేను చెప్త" అన్నాడు.

ఆయన చెప్పాడు, నేను రాశాను. "జాగ్రత్తగా వాడినచో వాడదగినది." కింద సంతకం. ఆ వాక్యం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది. జాగ్రత్తగా కట్టుకుంటే తాచుపామును కూడా మొలతాడుగా కట్టుకోవచ్చు. హెడ్ గుమాస్తా కాగితం చదివి "శభాష్" అన్నాడు. నేను చెప్పిన రెండు మెచ్చుకోళ్లలో అది మొదటిది. రెండోది కూడా ఇలాంటిదే, వదిలేయండి.

మర్నాడు పొద్దున జవాను వచ్చాడు. తువ్వాలలో సీతాఫలాలు కట్టుకొచ్చాడు.

"అన్నా, మా ఆమె పంపింది. మా ఇంటి చెట్టుకే పండినయి."

"ఎందుకయ్యా గిప్పుడు?"

"పాత తుపాకంట, పోవద్దని నిన్నటి సంది ఒకటే లొల్లి పెట్టింది. రాత్రి మేస్త్రన్న రాసిచ్చిండు అని చెప్పిన. నువ్వు రాసినవనంగనే సప్పుడు చెయ్యలే. 'గా అన్న రాస్తె పో' అన్నది."

సీతాఫలాలు బల్ల మీద పోసి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నేను ఒక్కటి కూడా ముట్టలేదు. నన్ను నేను అంతగా అసహ్యించుకున్న పొద్దు ఇంకొకటి లేదు.

మధ్యాహ్నం సెలవు పెట్టకుండా ఆదిలాబాద్ పట్నంలో ఉండే ఉస్తాద్ దగ్గరికి పోయాను. నాకు ముందున్న మేస్త్రీకి ముందు ఆ గదిని చూసుకున్నది ఆయనే. జిన్నింగు మిల్లు వెనక చిన్న ఇల్లు. గాలిలో దూది, ఆయన గడ్డంలో దూది, ఏది దూదో ఏది గడ్డమో తెలిసేది కాదు. జింక బొమ్మ రైఫిలు అనగానే నవ్వాడు.

"గా నాల్ సూజ్ గయా బేటా. గొట్టం ఉబ్బి ఎన్నేండ్లయింది! దసరాకు దొర గడీల ఆయుధపూజ చేసిండ్రు. దుమ్ము పడొద్దని నాల్‌ల పసుపుగుడ్డ కుక్కిండ్రు. తెల్లారి గుడ్డ తియ్యకుంటనే దొర గాల్లకు పేల్చిండు. గుడ్డ పోయింది, దొర బతికిపోయిండు, నాల్ ఉబ్బింది. నా దగ్గరికి రాంగనే రిజిస్టర్‌ల పురా రాసిన. సూడలేదా?"

"రిజిస్టర్‌ల బాగున్నదని ఉన్నది ఉస్తాద్."

"నేను రాసిన రిజిస్టర్ సూడు. ఉర్దూది."

లేస్తుంటే ఆపాడు. "బేటా, కాగితం మీద కాగితం పెడితే మీదిదే చదువుతరు. ఇనుము కోసే ఆరీ ఉన్నదా నీ దగ్గర?"

రంపం ఎందుకు ఉస్తాద్ అని అడగబోయి, ఆయన కళ్లు చూసి అడగలేదు.

పాత ఉర్దూ రిజిస్టర్లు దఫ్తరు వెనక గదిలో మూటలు కట్టి ఉన్నాయి. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చినంత బాగా చదవటం రాదు. దుమ్ములో కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. ఆ రిజిస్టర్‌లో ఒక్కో తుపాకీకి ఒక్కో పేజీ. మా రైఫిలు పేజీలో పైన ఉస్తాద్ దస్తూరీ ముత్యాల్లా ఉంది. గొట్టం ఉబ్బింది, పేల్చరాదు, గోడకు తగిలించడానికి మాత్రమే. దాని కింద ఏడేళ్లు, ఏటా ఒక్కటే మాట: "ఐజన్." అంటే పైన రాసినట్టే. ఏడేళ్లూ ఆ పేజీ నిజమే చెప్పింది.

తర్వాత ఇంగ్లీషు రిజిస్టర్లు వచ్చాయి. వాటిలో తుపాకీకొక పేజీ లేదు, అన్నీ ఒకే జాబితాలో ఒకదాని కింద ఒకటి. పాత పేజీల చివరి మాటను కొత్తదానిలోకి ఎక్కించమన్నారు. ఎక్కించిన మహానుభావుడు "ఐజన్" చూశాడు, "పైన రాసినట్టే" అని గుర్తు పెట్టాడు. ఇక్కడ పైన ఉన్నది ఇంకో తుపాకీ. దాని ముందు "బాగున్నది" అని ఉంది. అంతే. పక్కింటివాడి ఆరోగ్యం చూసి రోగిని లేపి కూర్చోబెట్టారు. ఆ తర్వాత అందరం, నాతో సహా, కింద గుర్తులు పెట్టుకుంటూ పోయాం.

రెండు రిజిస్టర్లూ చంకన పెట్టుకుని హెడ్ గుమాస్తా ముందుకు వెళ్లాను. ఆయన రెండూ చూశాడు. అర్థమైంది కూడా. ముఖం కాస్త ఎర్రబడింది, అప్పుడు తెలిసింది ఎక్కించిన మహానుభావుడు ఎవరో.

"ఉర్దూ రిజిస్టర్లు బంద్ అయినయి. బంద్ అయిన రిజిస్టర్‌ల ఉన్న ఖరాబు చెల్లది" అన్నాడు.

"గొట్టం బంద్ కాలే గద సార్."

"నువ్వు రాసిచ్చింది ఫైల్ల పడ్డది. అబద్ధం రాసిన అని మళ్ల రాస్తవా? రాయి. రేపటి సంది కొలువు మర్చిపో. పెద్దసారు క్యాంపుల ఉన్నడు. పొద్దున సీదా జీపు దగ్గరికే వస్తడు. నువ్వు పరేషాన్ కాకు, నన్ను పరేషాన్ చెయ్యకు. నిరుడు పగిలిందా? మొన్న పగిలిందా? రేపే పగుల్తదా?"

నిరుడు, మొన్న ఎవరూ పేల్చలేదని చెప్పడం దండగ. ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఆరు గంటలకు ఆయుధాల గది తెరిచాను. ఏడింటికి జీపు. రైఫిలును బల్లకు బిగించి, ఉబ్బు ఉన్నచోట సుద్దతో గీత గీసి, రంపం పెట్టాను. సర్కారు సొత్తు, వెండి బిళ్ల, నా ఇంట్లో నలుగురు తినే నోళ్లు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఒక బ్లేడు విరిగింది. రెండోది పెట్టాను. సగం తెగేసరికి రైఫిలు తీసుకుపోవడానికి జవాను గుమ్మంలోకి వచ్చాడు. ఇస్త్రీ చేసిన దుస్తులు, నూనె పెట్టి దువ్విన తల.

"అన్నా! ఏం జేస్తున్నవే!"

ఉరికొచ్చి నా చేయి పట్టుకున్నాడు. "తొమ్మిదేండ్లాయె అన్నా! నా పట్టీ! నా నోట్ల మన్ను కొడుతున్నవా?"

"చెయ్యి ఇడువు."

"నువ్వే రాసిస్తివి గద మంచిగున్నదని!"

"రాసిన. తప్పు రాసిన. చెయ్యి ఇడువురా, నీ కాల్మొక్త."

అతను చేయి వదిలాడు. నేను కోశాను. ఒక పక్క ఎంతకూ తెగలేదు, రెండో పక్క రంపం ఆనగానే వెన్నలో దిగినట్టు దిగిపోయింది. ముక్క కింద పడ్డ చప్పుడూ, జీపు వచ్చిన చప్పుడూ ఒకేసారి వినిపించాయి.

పెద్దసారు లోపలికి వచ్చాడు, వెనక హెడ్ గుమాస్తా. సారు ముఖం చూస్తే, ఆ రైఫిలు పనిచేస్తే ముందు నన్నే కాల్చేవాడనిపించింది. నేను తెగిన కొసను ఆయన ముందు పెట్టాను. ఆయన బొటనవేలితో అంచు తడిమాడు. ఒక పక్క రాగిపైస మందం. వేలు తిరుగుతూ తిరుగుతూ రెండో పక్కకు వచ్చి ఆగింది. అక్కడ తమలపాకు మందం. అందులోనూ వెంట్రుకంత పగులు.

వేలు తీయకుండానే అడిగాడు. "ఇది వాడొచ్చని రాసింది ఎవరు?"

"నేనే సార్."

"కోసింది?"

"నేనే సార్."

"రెండిట్లో ఏది నిజం?"

"కోసింది నిజం సార్. రాసింది భయం."

ఆయన జవాను ముఖం వైపు ఒకసారి చూసి, బయటికి నడిచాడు. మామూలు రైఫిలు ఒకటి తీసుకుని వేటకు పోయారు. ఆ దఫ్తరులో అందరికంటే తెలివైనది ఆ పులి. అది రానే రాలేదు. చివరికి జీపు బానెట్ మీద కాలు పెట్టి సారు ఫోటో దిగాడని విన్నాను.

పట్టీ రాలేదు. జవాను రెండు నెలలు నాతో మాట్లాడలేదు, ఎదురుపడితే పక్క దారి పట్టేవాడు. మెమో కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అతని కన్ను కాపాడాను గదా, ఆ కన్నుతో నన్ను ఒక్కసారి చూడొచ్చు గదా అనిపించేది. జరగని ప్రమాదానికి దండం పెట్టేవాళ్లు ఎవరుంటారని సర్దుకున్నాను.

మెమో హెడ్ గుమాస్తా రాశాడు. సొగసుగా రాశాడు. "పూర్తిగా బాగున్న ప్రభుత్వ రైఫిలును ఇనుప రంపముతో కోసి పాడుచేసినందుకు" సంజాయిషీ ఇమ్మన్నాడు. నేను ఇచ్చిన జవాబు ఒక్క ముక్కే: కోసిన చోట వేలు పెట్టి చూడగలరు. అది జవాబు కింద లెక్కకు రాదన్నారు. హెచ్చరిక ఇచ్చి, సర్వీసు బుక్కులో ఎక్కించి, నన్ను మళ్లీ కరీంనగర్ పంపేశారు. ఆ పెద్దసారు సంతకం పెట్టేటప్పుడు తల ఎత్తలేదని నౌకరు చెప్పాడు.

నాలుగేళ్ల తర్వాత తనిఖీ పని మీద మళ్లీ ఆ గదికి వెళ్లాను. హెడ్ గుమాస్తా పింఛనీ తీసుకున్నాడు, కుర్చీ కింద కొత్త చెప్పులు ఉన్నాయి. జింక బొమ్మ రైఫిలు నిలువు చట్రంలో తన చోటనే ఉంది, ఉన్నంతవరకు. కర్ర, వెండి బిళ్ల, సగం గొట్టం. మెడలో నంబరు బిళ్ల. నాకేదో అనుమానం వచ్చి ఇంగ్లీషు రిజిస్టరు తెరిచాను. నాలుగేళ్లూ దాని ముందు గుర్తులే. పైన రాసినట్టే. పైన ఏముందో నేను చూడనక్కర్లేదు.

"గిది సగమే ఉన్నది గదనయ్యా?" అన్నాను కొత్త గుమాస్తాతో.

"సగమే ఉన్నది సార్, కని నంబరు పురా ఉన్నది" అన్నాడు.

బయటికి వస్తుంటే ఎవరో చేయి పట్టుకున్నారు. మా జవాను. భుజాన పట్టీ. పులి సాయం లేకుండా, సర్వీసు లెక్కన వచ్చిందట. "అన్నా, ఇంటికి రావాలె, బువ్వ తిని పోవాలె" అని వదల్లేదు. వెళ్లాను. అతని భార్య పొయ్యి ముందు కూర్చుని పచ్చికట్టెలతో తిప్పలు పడుతున్నది. ఊదు గొట్టం నోటికి పెట్టుకుని బుగ్గలు ఉబ్బించి ఊదింది. ఆ గొట్టం చూసి నేను లేచి నిలబడ్డాను. మూరెడు నల్లటి ఇనుము. నోటికి పెట్టుకునే కొస కాస్త వెడల్పు, ఒక పక్క మందం, ఒక పక్క పలచన.

"చెత్తకుప్పల ఏసిండ్రు అన్నా. నేనే ఏరుకొచ్చిన" అన్నాడు జవాను, తల గోక్కుంటూ. "గా రెండు నెలలు నీతోని మాట్లాడకపోతిని. మా ఆమె గిది చేతుల పట్టుకొని అంచు సూసి ఏడ్చింది. గప్పుడు నాకు బుద్ధొచ్చింది."

నేను గొట్టం తీసుకుని, అలవాటు పోక, గుమ్మం వెలుతురు వైపు పెట్టి లోపలికి చూశాను. మసి తప్ప ఏమీ లేదు.

"ఎరికేనా?" అన్నాను. "దఫ్తర్ రికార్డుల గిది ఇంకా మంచి రైఫిలే."

"మంచిది గాదా అన్నా?" అన్నాడు అతను. "పొయ్యి అంటుకుంటున్నది. ఊదెటందుకు మా ఆమె ఉన్నది. ఇటు కూసొని సూసెటందుకు నాకు రెండు కండ్లున్నయి."